పాత ఆల్టో, వేగన్ ఆర్, శాంట్రో, స్విఫ్ట్: సెకండ్ హ్యాండ్‌లో ఏ పెట్రోల్ ఇంజన్ తీసుకోవాలి?

తక్కువ డబ్బుతో మొదటి కారు కొనబోయేవారు ఎంత తిరిగినా చివరికి ఈ నాలుగింటి దగ్గరే ఆగుతారు: ఆల్టో, 2010కి ముందటి వేగన్ ఆర్, శాంట్రో జింగ్, మొదటి తరం పెట్రోల్ స్విఫ్ట్. నాలుగూ దొరుకుతాయి. సామాన్లు దొరుకుతాయి. ఏ ఊళ్ళో షెడ్డుకి తీసుకెళ్ళినా విప్పి బిగించగల మెకానిక్ ఉంటాడు. ఏది మంచిదని అడిగితే ఎవరి బండిని వాళ్ళు మెచ్చుకుంటారు. అందుకని ఏ ఇంజన్ దేనివల్ల చెడుతుంది, ఆ చెడిన సంగతి డబ్బు చేతులు మారకముందే ఎలా పసిగట్టాలి అన్న వైపు నుంచి చూద్దాం.

ఈ నాలుగింటినీ పాడుచేసేది తిరిగిన దూరం కన్నా ఎక్కువగా వేడి. రెండు లక్షల కిలోమీటర్లు తిరిగి ఒక్కసారీ పొంగని (మితిమీరి వేడెక్కి నీళ్ళు మరగని) ఇంజన్‌ని ధైర్యంగా కొనొచ్చు. అరవై వేలే తిరిగి, మే నెలలో నీళ్ళు లేకుండా పది కిలోమీటర్లు లాగించిన ఇంజన్‌ని ఊరికే ఇచ్చినా ఆలోచించాలి. మీటర్ అంకె వెనక్కి తిప్పడం తేలిక. వేడెక్కిన గుర్తులు చెరపడం కష్టం.

ఇంజన్ల లెక్కలు

ఆల్టోలో ఉన్నది ఎఫ్8డి. 796 సీసీ, 3 సిలిండర్లు, 12 వాల్వులు. సుమారు 47 హార్స్ పవర్ 6200 ఆర్‌పీఎం దగ్గర, 62 న్యూటన్ మీటర్ల టార్క్ 3000 దగ్గర. 2000లో ఆల్టోతో వచ్చింది. మారుతీ 800లో ఎక్కువ కాలం నడిచింది దీని అన్న, 6 వాల్వుల ఎఫ్8బి. సీసీ అదే, బలం మాత్రం 37 హార్స్ పవర్.

వేగన్ ఆర్ ఇంజన్ ఎఫ్10డి. ఆల్టోలో ఉన్న 68.5 మిల్లీమీటర్ల బోరు (సిలిండర్ వెడల్పు), 72 మిల్లీమీటర్ల స్ట్రోకే (పిస్టన్ కదిలే దూరం) ఇందులోనూ ఉన్నాయి. మూడు సిలిండర్లకి ఇంకొకటి చేర్చితే 796 కాస్తా 1061 అయింది. 16 వాల్వులు, సుమారు 64 హార్స్ పవర్, 3500 దగ్గర 84 న్యూటన్ మీటర్లు. 1999 చివర్లో మొదలై 2010 దాకా ఇదే. పాత ఆల్టో వీఎక్స్‌లో ఉన్నదీ ఇదే ఇంజన్. తేలికైన బండిలో పెద్ద ఇంజన్ కాబట్టి అది ఎక్కడైనా తగిలితే వదలకండి.

శాంట్రో జింగ్ 2003లో 1086 సీసీ ఎప్సిలాన్ ఇంజన్‌తో వచ్చింది. బోరు 67, స్ట్రోకు 77. నాలుగు సిలిండర్లకీ కలిపి 12 వాల్వులే, అంటే ఒక్కోదానికి గాలి లోపలికి వచ్చేవి రెండు, పొగ బయటికి పోయేది ఒకటి. 63 హార్స్ పవర్ 5500కే వచ్చేస్తుంది. 1998 నాటి మొదటి శాంట్రోలో ఇదే కుటుంబానికి చెందిన 999 సీసీ ఇంజన్ ఉండేది. ఐ10 1.1లో ఉన్నది కూడా ఈ 1086 సీసీ ఇంజనే, కొంత మెరుగుపరిచి పెట్టారు. అందుకే ఇక్కడ శాంట్రోకి చెప్పే బెల్టు సంగతులు ఆ ఐ10కీ వర్తిస్తాయి.

2005లో వచ్చిన స్విఫ్ట్‌ది జి13బిబి. 74 బోరు, 75.5 స్ట్రోకు, 1298 సీసీ, 16 వాల్వులు, 87 హార్స్ పవర్, 4500 దగ్గర 113 న్యూటన్ మీటర్లు. ఎంపీఎఫ్ఐ (కార్బ్యురేటర్ బదులు ఇంజెక్టర్లతో పెట్రోల్ చల్లే పద్ధతి) ఎస్టీమ్, వర్సా, జిప్సీ కింగ్‌లలో కూడా ఇదే ఇంజన్.

నాలుగూ టైమింగ్ బెల్టు ఇంజన్లే, అంటే పిస్టన్లు తిప్పే క్రాంక్ నుంచి వాల్వులు తెరిచే క్యామ్‌కి తిరుగుడు అందించేది ఒక రబ్బరు బెల్టు. ఈ ఒక్క మాట గుర్తుపెట్టుకుంటే కొనేటప్పుడు అడగాల్సిన మొదటి ప్రశ్న దొరికినట్టే: బెల్టు ఎప్పుడు మార్చారు?

రోడ్డు మీద తేడా

శాంట్రో పొడవు స్ట్రోకు ఇంజన్. ట్రాఫిక్‌లో మూడో గేరులో ముప్పై మీద వెళ్తున్నా గింజుకోకుండా లాగుతుంది. ఊళ్ళో ఎక్కువ తిరిగేవాళ్ళకి, గేర్లు మార్చడం చికాకు అనుకునేవాళ్ళకి ఇదే హాయి. వేగన్ ఆర్ ఇంజన్‌కి ఊపు కాస్త పై ఆర్‌పీఎంలో వస్తుంది, రేసు ఇస్తే ఉత్సాహంగా తిరుగుతుంది. ఆల్టోకి బరువు తక్కువ కాబట్టి ఒకరిద్దరు ఉన్నంతవరకు 47 హార్స్ పవర్ తక్కువనిపించదు. ఐదుగురిని ఎక్కించి, ఏసీ వేసి, శ్రీశైలం ఘాట్ ఎక్కితే అసలు సంగతి తెలుస్తుంది. మూడు సిలిండర్ల వణుకు ఐడ్లింగ్‌లో (బండి ఆగి ఇంజన్ మాత్రం తిరుగుతున్నప్పుడు) ఎప్పుడూ ఉంటుంది, అది రోగం కాదు. కానీ స్టీరింగ్, గేర్ రాడ్డు కూడా గడగడలాడుతుంటే ఇంజన్ మౌంటింగులు చచ్చినట్టు.

హైదరాబాద్ నుంచి విజయవాడ వారం వారం వెళ్ళేవారికి ఈ నాలుగింట్లో స్విఫ్ట్ ఒక్కటే తగినది. మిగతా మూడూ వందకి వెళ్తాయి, కానీ ఆ వేగంలో ఇంజన్ అరుస్తూనే ఉంటుంది, లారీని దాటడానికి మిగిలే బలం తక్కువ.

మైలేజీ విషయంలో అమ్మేవాళ్ళు చెప్పే అంకెల్లో మూడో వంతు కోసేయండి. ఊళ్ళో ఏసీతో ఆల్టో 14 నుంచి 17, వేగన్ ఆర్, శాంట్రో 12 నుంచి 14, స్విఫ్ట్ 11 నుంచి 13 ఇస్తే ఇంజన్ ఆరోగ్యంగా ఉన్నట్టే.

శాంట్రో: బెల్టు దగ్గర పొదుపు చేస్తే

శాంట్రో ఇంజన్‌కి ఒక పెద్ద బలహీనత ఉంది. నడుస్తుండగా టైమింగ్ బెల్టు తెగితే పిస్టన్ పైకి వచ్చేసరికి ఇంకా తెరిచే ఉన్న వాల్వులకి తగులుతుంది. వాల్వులు వంగుతాయి. హెడ్ (సిలిండర్ల పైన వాల్వులుండే భాగం) విప్పాలి, వాల్వులు మార్చాలి, గైడ్లు చూడాలి, గ్యాస్కెట్ సెట్టు వేయాలి. అప్పుడయ్యే ఖర్చుతో బెల్టు పని చాలాసార్లు చేయించుకోవచ్చు. పాత 800ల్లో బెల్టు తెగినా కొత్తది వేసి నడిపేసినవి చాలానే ఉన్నాయి కాబట్టి కొందరు మెకానిక్‌లు "ఏం కాదులే" అంటారు. ఆ ధీమాని శాంట్రోకి తెచ్చుకోవద్దు, 12, 16 వాల్వుల మారుతీలకీ తెచ్చుకోవద్దు.

బిల్లు చూపించలేని ఏ పాత బండికైనా బెల్టు అయిపోయినట్టే లెక్క. కొన్న వారంలోనే మార్చాలి. ఆ తర్వాత 60,000 కిలోమీటర్లు లేదా ఐదేళ్ళు, ఏది ముందైతే అది. తక్కువ తిరిగిందని వదిలేయకండి. రబ్బరుకి వయసు కూడా లెక్కే.

బెల్టు ఒక్కటే మార్చడం సగం పని. దాంతోపాటు బెల్టుని బిగువుగా ఉంచే టెన్షనర్ బేరింగు, క్యామ్ ఆయిల్ సీలు, ముందువైపు క్రాంక్ సీలు మార్చాలి. సీలు కారి బెల్టుకి ఆయిల్ అంటితే కొత్త బెల్టు కూడా ఏడాదిలో పళ్ళు ఊడిపోతుంది. వాటర్ పంపు ఏమాత్రం ఊగినా, కింద చెమ్మ కనిపించినా అదే రోజు మార్చేయాలి, ఎలాగూ ముందు భాగమంతా విప్పే ఉంటుంది. బిగించాక మెకానిక్ తప్పనిసరిగా చేయాల్సిన పని ఒకటుంది: సెల్ఫ్ కొట్టకముందు క్రాంక్ బోల్టుకి పానా వేసి, ఇంజన్ తిరిగే దిశలోనే చేత్తో రెండు పూర్తి చుట్లు తిప్పి, గుర్తులు మళ్ళీ కలిశాయో లేదో చూడటం. మధ్యలో ఎక్కడైనా గట్టిగా తగిలితే అక్కడే ఆపాలి. ఈ రెండు నిమిషాలు మిగుల్చుకోబోయి వాల్వులు వంచుకున్న షెడ్లు లేకపోలేదు.

శాంట్రోలో రెండో పేరున్న ఫిర్యాదు సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు బండి ఆఫ్ అయిపోవడం, లేదా ఐడ్లింగ్ పైకీ కిందకీ ఊగడం. పదింట ఆరేడుసార్లు ఇంజన్‌లోకి గాలి వదిలే థ్రాటిల్ బాడీలో, దాని మీదున్న ఐడిల్ యాక్చువేటర్‌లో మసి పేరుకోవడమే కారణం. థ్రాటిల్ బాడీ బయటికి తీసి కార్బ్ క్లీనర్‌తో, మెత్తటి బ్రష్‌తో తుడవాలి. స్క్రూడ్రైవర్‌తో గీకకూడదు. బిగించాక బ్యాటరీ నెగటివ్ పావుగంట తీసి ఉంచి, మళ్ళీ పెట్టి, యాక్సిలరేటర్ తొక్కకుండా పది నిమిషాలు నడవనివ్వాలి, తర్వాత ఏసీ వేసి ఇంకో ఐదు నిమిషాలు. ఈసీయూ (ఇంజన్‌ని నడిపే కంప్యూటర్) కొత్త ఐడ్లింగ్ నేర్చుకునేది అప్పుడే. క్లీనింగ్ తర్వాత కూడా ఊగుతుంటే వ్యాక్యూమ్ గొట్టాలు చిట్లాయేమో వెతకాలి.

మూడోది క్రాంక్ సెన్సార్, క్రాంక్ తిరుగుడుని ఈసీయూకి చెప్పేది. లక్షణం ఒకే తీరు: బండి చల్లగా ఉన్నప్పుడు బాగుంటుంది, బాగా వేడెక్కాక నడుస్తూ నడుస్తూ టక్కున ఆగుతుంది, సెల్ఫ్ తిరుగుతుంది కానీ స్టార్ట్ కాదు, అరగంట ఆగితే ఏమీ జరగనట్టు స్టార్ట్ అవుతుంది. ఈ లక్షణానికి పెట్రోల్ పంపు మార్చేసి డబ్బు గుంజినవాళ్ళు చాలామంది. ఆగిన క్షణంలోనే ప్లగ్గు లీడు తీసి కరెంటు వస్తోందో లేదో చూస్తే తేలిపోతుంది. స్పార్క్ లేకపోతే అనుమానం సెన్సార్ మీదికి, స్పార్క్ ఉంటే పంపు మీదికి.

వేగన్ ఆర్: గ్యాస్ బండా కాదా?

ఎఫ్10డి గట్టి ఇంజన్. ఆయిల్ వేళకి మార్చితే రెండు లక్షలు దాటి బోరు పని (అరిగిన సిలిండర్లని మళ్ళీ తొలిచి సరిచేయడం) లేకుండా తిరుగుతుంది. అయినా వేగన్ ఆర్ కొనేటప్పుడు మొదట చూడాల్సింది ఇంజన్‌ని కాదు, డిక్కీని. గ్యాస్ సిలిండర్ బిగించిన రంధ్రాలు, కార్పెట్ కింద తుప్పు గీతలు, బానెట్ కింద కోసి మళ్ళీ అతికించిన వైర్లు, ఇన్‌టేక్ మానిఫోల్డ్‌కి వేసి మూసిన చిల్లు, వీటిలో ఏది కనిపించినా ఆ బండి గ్యాస్ మీద తిరిగిందని అర్థం. 2006 నుంచి కంపెనీయే ఎల్‌పీజీతో డ్యుయో అని అమ్మింది. బయట కిట్లు వేసినవి అంతకన్నా ఎక్కువ.

గ్యాస్‌తో తిరిగితే తప్పేంటి? గ్యాస్‌కి పెట్రోల్‌లా వాల్వునీ దాని సీటునీ చల్లబరిచే తడి ఉండదు. కిట్ సెట్టింగు కాస్త పల్చగా (గాలి ఎక్కువ, గ్యాస్ తక్కువ) ఉన్నా ఎగ్జాస్ట్ వాల్వు సీటు నెమ్మదిగా అరిగి లోపలికి దిగుతుంది. దిగినకొద్దీ ట్యాపెట్ గ్యాపు (వాల్వుకీ దాన్ని నొక్కే భాగానికీ మధ్య ఉండే సందు) తగ్గుతుంది, చివరికి వాల్వు పూర్తిగా మూసుకోదు, కాలిపోతుంది. విచిత్రం ఏమిటంటే, గ్యాపు తగ్గితే టకటక శబ్దం కూడా తగ్గుతుంది. "ఇంజన్ ఎంత నిశ్శబ్దంగా ఉందో చూడండి" అని చూపించే గ్యాస్ బండిని అందుకే అనుమానించాలి. కంప్రెషన్ (సిలిండర్‌లో గాలి ఒత్తిడి, కొలిచే తీరు కింద ఉంది) చూడకుండా అలాంటిది కొనకూడదు. సీఎన్‌జీ సిలిండర్ ఇంకా ఉంటే అది ఆర్‌సీలో ఎక్కి ఉండాలి, మూడేళ్ళకోసారి చేసే సిలిండర్ పరీక్ష ప్లేటు మీద తేదీ ఉండాలి.

మిగతావి చిన్నవే. వాల్వ్ కవర్ గ్యాస్కెట్ నుంచి ఆయిల్ ఊరడం మామూలు. కొత్త గ్యాస్కెట్ వేసినా రెండు నెలల్లో మళ్ళీ కారుతుంటే ఇంజన్ లోపలి పొగని మళ్ళీ ఇన్‌టేక్‌లోకి పంపే పీసీవీ వాల్వు మూసుకుపోయిందేమో చూడండి. తీసి ఊపితే టకటకమనాలి. అనకపోతే మార్చేయడమే, చవకైన ముక్క. ట్యాపెట్లు స్క్రూతో సర్దేవి కాబట్టి 40,000 కిలోమీటర్లకోసారి ఫీలర్ గేజ్‌తో చూపించాలి, గ్యాస్ బండైతే 15,000కే.

ఆల్టో

ఎఫ్8డి గురించి చెప్పడానికి పెద్దగా లేదు, అదే దాని గొప్ప. సామాన్లు చవక, విప్పడానికి చోటు ఎక్కువ, నేర్చుకునేవాడి చేతిలో పడినా తట్టుకుంటుంది. దీని కష్టమల్లా యజమానులే. చిన్న బండి కదా అని ఆయిల్ పదిహేను వేలకి, ఇరవై వేలకి మార్చినవి ఎక్కువ. ఇందులో పట్టేదే మూడు లీటర్ల లోపు, అందులో అర లీటరు తగ్గినా మిగతా దాని మీద భారం గట్టిగా పడుతుంది. ఆయిల్ మూత విప్పి లోపల నల్లటి జిడ్డు గడ్డలు కడుతోందా చూడండి. రాత్రంతా ఆగి పొద్దున స్టార్ట్ చేయగానే ఒక్కసారి నీలం పొగ వచ్చి ఆగిపోతే వాల్వు సీళ్ళు గట్టిపడ్డట్టు, భరించగల ఖర్చే. రేసు ఇచ్చినప్పుడల్లా నీలం పొగ వస్తుంటే రింగులు పోయినట్టు, దానికి ఫుల్ ఇంజన్ పని. ఆ డబ్బుతో ఇంకో ఆల్టో వెతుక్కోవడం మేలు.

స్విఫ్ట్: మంచి ఇంజన్, వేడికి ఓర్వదు

జి13బిబి మోటారు తీయగా తిరుగుతుంది, నడపడం ఇష్టమున్నవాళ్ళు దీన్ని వదలరు. బ్లాకు, హెడ్ రెండూ అల్యూమినియం. బరువు తక్కువ, కానీ ఒకసారి బాగా పొంగితే హెడ్ వంకరపోతుంది. విజయవాడ ఆటోనగర్ లాంటి చోట లేత్ మీద ఫేసింగ్ కొట్టి (అడుగు చదును చేసి) సరిచేస్తారు, ఒకసారైతే పర్వాలేదు. రెండోసారి ఫేసింగ్‌కి వచ్చిన హెడ్ మీద నమ్మకం పెట్టుకోకండి. గ్యాస్కెట్ అంచుల్లో కొత్త సీలెంట్, హెడ్ బోల్టుల మీద తాజా పానా గీతలు కనిపిస్తే "ఎందుకు విప్పారు, ఏ షెడ్డులో, బిల్లు ఏది" అని మూడూ అడగండి.

స్విఫ్ట్ 2010లో 1197 సీసీ కె12ఎం ఇంజన్‌కి మారింది. దానికి బెల్టు బదులు చైను. పేరు స్విఫ్టే కాబట్టి తయారీ సంవత్సరం, సీసీ ఆర్‌సీలో చూసుకుంటే గానీ మీరు బేరమాడుతున్నది ఏదో తెలియదు.

కొనేముందు గంట పని

అమ్మేవాళ్ళకి ముందు రాత్రే చెప్పండి: "పొద్దున మేం వచ్చేదాకా స్టార్ట్ చేయకండి." వెళ్ళగానే బానెట్ మీద చెయ్యి పెట్టండి. వెచ్చగా ఉంటే మాట తప్పారు, ఎందుకో ఆలోచించండి.

ఇంజన్ చల్లగా ఉన్నప్పుడే రేడియేటర్ మూత తీయాలి. వేడి మీద తీస్తే మొహం కాలుతుంది. లోపల ఆకుపచ్చో ఎరుపో కూలెంట్ ఉంటే సంతోషం. కాఫీ రంగు తుప్పునీళ్ళు ఉంటే ఏళ్ళ తరబడి బోరు నీళ్ళు పోశారని అర్థం. పైన నూనె తెట్టు తేలుతుంటే, లేదా డిప్‌స్టిక్ మీద, ఆయిల్ మూత కింద పాలమీగడలాంటి తెల్లటి నురగ చిక్కగా ఉంటే హెడ్ గ్యాస్కెట్ పోయింది. మూత కింద సన్నని తెల్ల పొర మాత్రమే ఉంటే చిన్న దూరాలకి వాడే బండిలో వానాకాలం అది మామూలే, కంగారు పడనక్కర్లేదు.

మూత తీసే ఉంచి స్టార్ట్ చేయించండి. మొదట రెండు మూడు బుడగలు రావచ్చు. ఆగకుండా బుడగలు వస్తుంటే సిలిండర్ గాలి నీళ్ళలోకి వస్తోందన్నమాట. మూత పెట్టి, ఏసీ ఆపి, ఐడ్లింగ్‌లో వదిలేయండి. వేడి సూది మధ్యకి వచ్చి ఆగాలి, రేడియేటర్ ఫ్యాను తనంతట తాను తిరగాలి, ఆగాలి, మళ్ళీ తిరగాలి. రెండు సార్లు చూసేదాకా కదలొద్దు. స్టార్ట్ చేసిన క్షణం నుంచే ఫ్యాను తిరుగుతుంటే, లేదా డ్యాష్ బోర్డు కింద ఫ్యానుకి విడిగా స్విచ్ పెట్టి ఉంటే "డైరెక్ట్" చేశారు. అంటే సెన్సారో రిలేయో థర్మోస్టాటో పోయింది, లేదా రేడియేటర్ మూసుకుపోయి పాత యజమాని అలా నెట్టుకొచ్చాడు. అరగంట నడిపినా సూది అడుగునే ఉంటే థర్మోస్టాట్ (ఇంజన్ వేడెక్కేదాకా నీళ్ళని రేడియేటర్‌కి పోనివ్వని వాల్వు) పీకేశారు. మన ఎండలకి అది అక్కర్లేదని చెప్పే మెకానిక్‌లు ఇప్పటికీ ఉన్నారు. ఎంపీఎఫ్ఐ బండిలో అది తప్పు సలహా. ఇంజన్ ఇంకా చల్లగానే ఉందనుకుని ఈసీయూ పెట్రోల్ ఎక్కువ పోస్తూనే ఉంటుంది, మైలేజీ పడిపోతుంది, ఆయిల్ తొందరగా పాడవుతుంది.

కీ ఆన్ చేసినప్పుడు చెక్ ఇంజన్ లైటు వెలగాలి, స్టార్ట్ అయ్యాక ఆరాలి. అసలు వెలగకపోతే బల్బు పీకేశారేమో అనుమానించండి. ఈ బండ్లలో చాలావాటికి బజార్లో దొరికే చవక బ్లూటూత్ స్కానర్ పనిచేయదు. అలాంటి స్కానర్లు చదివే ఓబీడీ-2 పద్ధతి మన దేశంలో తప్పనిసరి అయింది 2013 ఏప్రిల్ నుంచే. మారుతీ, హ్యుందాయ్ పాత బండ్లు చదివే స్కానర్ ఉన్న షెడ్డుకే తీసుకెళ్ళాలి.

వేడెక్కాక ఆయిల్ మూత తీసి చూడండి. కొద్దిగా ఆవిరి, చిన్న ఊపిరి మామూలు. మూతని ఎగరగొట్టేంతగా పొగ కొడుతుంటే బ్యాక్ కంప్రెషన్ (సిలిండర్ గాలి రింగుల పక్కనుంచి కిందికి జారడం), బోరు పనికి దగ్గర్లో ఉంది.

నచ్చిన బండికి ఆఖరి పరీక్ష కంప్రెషన్. ఇంజన్ వేడి మీద, అన్ని ప్లగ్గులూ విప్పి, పెట్రోల్ పంపు ఫ్యూజు, కాయిల్ కనెక్టరు తీసేసి, యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి ఉంచి, గేజ్ బిగించి ఐదారు చుట్లు సెల్ఫ్ కొట్టాలి. ఆరోగ్యంగా ఉన్న ఇంజన్‌లో 170 నుంచి 200 పీఎస్ఐ మధ్య వస్తుంది. అంకె కన్నా సిలిండర్ల మధ్య తేడా ముఖ్యం, 15 పీఎస్ఐ దాటకూడదు. ఒకటి తక్కువుంటే దాంట్లో టీ స్పూను ఆయిల్ పోసి మళ్ళీ కొట్టండి. పెరిగితే రింగుల లోపం, పెరగకపోతే వాల్వులది. పక్కపక్కనున్న రెండు సిలిండర్లు ఒకేలా తక్కువుంటే ఆ రెండింటి మధ్య గ్యాస్కెట్ తెగింది. యాక్సిలరేటర్ తొక్కకుండా తీసిన అంకె ఎప్పుడూ తక్కువే వస్తుంది, దాన్ని చూసి మంచి ఇంజన్‌ని వదులుకోకండి.

ఈ పరీక్షకి ఒప్పుకోని వాళ్ళ దగ్గర కొనకండి. అంతే.

కొన్నాక మొదటి నెల

బెల్టు సంగతి చెప్పుకున్నాం. రెండోది నీళ్ళు. పాతవి వంపేసి, మంచినీళ్ళతో తెల్లగా వచ్చేదాకా కడిగి, డిస్టిల్డ్ నీళ్ళలో 30 నుంచి 50 శాతం కూలెంట్ కలిపి నింపాలి. నాలుగైదు లీటర్లు తయారుగా ఉంచుకుంటే ఈ నాలుగు బండ్లలో దేనికైనా సరిపోతుంది. మనకి గడ్డకట్టే చలి లేకపోయినా కూలెంట్ ఎందుకంటే, తుప్పుని ఆపుతుంది, మరిగే వేడిని పెంచుతుంది. హీటర్ నాబ్ పూర్తిగా వేడి వైపు తిప్పి, మూత తెరిచి ఇంజన్ నడుపుతూ, పై గొట్టం వేడెక్కేదాకా గాలి పోనిచ్చి, తగ్గినంత పోయాలి. గాలి లోపల చిక్కుకుంటే కూలెంట్ నిండుగా ఉన్నట్టే కనిపించి బండి పొంగుతుంది. రేడియేటర్ మూత కూడా కొత్తది వేయండి, పాత మూత మీదున్న ప్రెషర్ అంకె ఉన్నదే. ఇంజన్ వెనక నుంచి పోయే ఇనుప నీటి గొట్టాన్ని టార్చి వేసి చూడండి. తుప్పు పొక్కులు ఉంటే ఘాట్ రోడ్డు మీద చిల్లుపడేదాకా ఆగొద్దు.

పాత ఇంజన్‌కి 20డబ్ల్యూ-40 లేదా 10డబ్ల్యూ-30 ఆయిల్, మామూలు మినరల్ రకమైతే 5,000 కిలోమీటర్లకి ఫిల్టర్‌తో సహా. బ్రాండు గురించి గొడవ పడటం కన్నా వేళకి మార్చడం ముఖ్యం. ప్లగ్గుల గ్యాపు ఎంపీఎఫ్ఐ ఇంజన్లకి 1.0 నుంచి 1.1 మిల్లీమీటర్లు, కార్బ్యురేటర్ 800కి 0.7 నుంచి 0.8. హెడ్ అల్యూమినియం కాబట్టి ప్లగ్గుని చల్లటి ఇంజన్‌లో, చివరిదాకా చేత్తోనే తిప్పి, ఆ తర్వాతే పానా వేయాలి.

పెట్రోల్ గురించి ఒక మాట. ఇప్పుడు బంకుల్లో వచ్చేది 20 శాతం ఇథనాల్ కలిపినది, ఈ ఇంజన్లు తయారైన నాటికి ఆ ఊసే లేదు. పాత డిజైన్ కార్లకి 6 నుంచి 7 శాతం మైలేజీ తగ్గవచ్చని నీతి ఆయోగ్ 2021 రోడ్‌మ్యాపే చెప్పింది. ఎంపీఎఫ్ఐ బండి ఆక్సిజన్ సెన్సార్ బాగుంటే తనంతట సర్దుకుంటుంది. కార్బ్యురేటర్ బండి సర్దుకోలేదు, మిక్చర్ చేత్తో సరిచేయాలి. రెండింటికీ పాత రబ్బరు పెట్రోల్ గొట్టాలు మార్చేసి, ఇథనాల్ తట్టుకునే రకం వేయండి, ఫిల్టర్ కూడా. ఇథనాల్ తేమని పీలుస్తుంది కాబట్టి ట్యాంకులో పెట్రోల్ నెలల తరబడి నిల్వ ఉంచకూడదు.

కాగితాల్లో చూడాల్సింది వయసు. 15 ఏళ్ళు దాటితే ప్రతి ఐదేళ్ళకీ ఆర్‌సీ రెన్యువల్. దీని ఫీజు కార్లకి 2022 ఏప్రిల్ నుంచి 5,000 రూపాయలు, 20 ఏళ్ళు దాటిన కారుకి 2025 ఆగస్టులో 10,000కి పెంచారు. ఫిట్‌నెస్ ఖర్చు దీనికి అదనం. 2005, 2006 స్విఫ్ట్ బేరమాడేటప్పుడు ఈ లెక్క ధరలోంచి తగ్గించి మాట్లాడండి.

ఇక ఏది?

డ్రైవింగ్ నేర్చుకోవడానికి, ఊళ్ళో ఇద్దరి ప్రయాణానికి, నెల ఖర్చు తక్కువ ఉండాలంటే ఆల్టో. పెద్దవాళ్ళని ఎక్కించుకుని తిరిగే ఇంటికి వేగన్ ఆర్, ఎత్తు సీటు కాబట్టి మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళకి ఎక్కి దిగడం సులువు. కానీ గ్యాస్ ముట్టని బండి దొరికితేనే. ట్రాఫిక్‌లో ఎక్కువ గడిపేవారికి, బెల్టు బిల్లు చూపించగల యజమాని దొరికితే శాంట్రో. హైవే మీద ఎక్కువ తిరిగేవారికి, హెడ్ విప్పని బండైతే స్విఫ్ట్.

ఇవేవీ తేల్చుకోలేక, ఇంకొంచెం డబ్బు పెట్టగలిగితే 2010 ఏప్రిల్ తర్వాతి వేగన్ ఆర్ గానీ, ఆ ఏడాది ఆగస్టులో వచ్చిన ఆల్టో కె10 గానీ చూడండి. రెండింట్లోనూ 998 సీసీ కె10బి ఇంజన్, 3 సిలిండర్లు, 68 హార్స్ పవర్, 90 న్యూటన్ మీటర్లు. టైమింగ్ చైను కాబట్టి బెల్టు భయం లేదు. చల్లటి స్టార్టింగ్‌లో రెండు మూడు సెకన్లకి మించి ముందు వైపు నుంచి గొలుసు గలగల వినిపిస్తే మాత్రం ఆయిల్ ఎగ్గొట్టిన బండి అది, వదిలేసి ఇంకోదానికి వెళ్ళండి.